ముక్కు గొట్టం తీసిన రోజు

"గొట్టం ఏది?"

నవీన్‌కుమార్ వార్డు అద్దానికి నుదురు ఆనించి అడిగాడు. అడిగింది తల్లి బీరమ్మను. చూసింది భార్య వైపు.

రవళి అప్పుడే వార్డులోంచి బయటికి వచ్చింది. పిండిన పాలు గిన్నెతో సహా సిస్టర్ చేతికిచ్చి వచ్చింది. భర్త మాట వినపడింది. పైట సర్దుకుంది.

అద్దానికి అవతల, పిల్లల్ని వెచ్చగా ఉంచే మూడో వార్మర్ కింద బాబు పడుకొని ఉన్నాడు. రెండు నెలలు ముందే పుట్టినవాడు. పుట్టిన రోజు నుంచి ఈ ఉదయం దాకా వాడి ముక్కులో రెండు సన్న గొట్టాలు, గొట్టాలు కదలకుండా తలకు టోపీ, పక్కన బుడగలు వచ్చే నీళ్ల సీసా ఉండేవి. ఇప్పుడు టోపీ లేదు. ముక్కు కింద టేపు అంటించిన చోట చర్మం ఎర్రగా ఉంది. సీసా, దాని మిషన్ కిటికీ పక్క వార్మర్ దగ్గరికి వెళ్లాయి. అక్కడ నిన్న సాయంత్రం వచ్చిన ఆడపిల్ల ఉంది.

నవీన్ రెండూ చూశాడు. చూడడమే అతని పని.

జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో రియాక్టర్ అనే పెద్ద ట్యాంకు కడగడానికి మనిషి లోపలికి దిగితే, పైన మ్యాన్‌హోల్ దగ్గర తాడు పట్టుకొని నిలబడేది అతనే. లోపలి గాలిలో ఆక్సిజన్ ఎంతుందో చేతిలోని మీటరు చెబుతుంది. మామూలు గాలికి ఇరవై ఒకటి. పంతొమ్మిదిన్నరకు దిగితే ఎవరినీ అడగకుండా మనిషిని పైకి లాగాలి. ఆ అంకెలు అతనికి ఇంటిపేరంత గుర్తు.

గొడవంతా ఆ అంకె దగ్గరే మొదలైంది. నాలుగు రోజుల కిందట బాబు మిషన్ మీద ఇరవై ఒకటి అని చూశాడు. అంటే గది గాలే. ఆక్సిజన్ చుక్క కూడా కలపడం లేదు, పేరుకు గొట్టం పెట్టి గాలి ఊదుతున్నారు అని ఇంటికి వెళ్లి చెప్పాడు. బీరమ్మ నమ్మింది. కర్దనూర్‌లో వాళ్ల వాడంతా నమ్మింది. మీటరు చదవడం వచ్చినవాడు చెబితే కాదనేది ఎవరు? ఆ రోజుల్లో రవళి ఇంట్లో లేదు. సంగారెడ్డిలో ఆసుపత్రి తల్లుల గదిలోనే ఉంది. ఆ మాట ఆమెకు అత్త అన్నం తెచ్చినప్పుడు అన్నంతో పాటు అందింది.

ఈ ఉదయం నవీన్ షిఫ్టు దిగి ఊరికే రాలేదు. మియాపూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రితో మాట్లాడి ఆంబులెన్స్ తెచ్చాడు. అది గేటు దగ్గర ఉంది. అందులో సిలిండర్ నిండుగా ఉందని, దారి పొడుగునా ఫుల్లుగా పెడతారని తల్లితో చెప్పాడు. బీరమ్మ అప్పటికే కోడలి బట్టలు, పళ్లెం, గ్లాసు మూట కట్టింది. బిడ్డను తీసుకుపోవాలంటే తల్లి ఒప్పుకోవాలని, తల్లి ఇక్కడే ఉంది కనుక ఆమెనే అడగమని సిస్టర్ దుర్గాదేవి చెప్పి లోపలికి పోయింది.

"చెప్పులేస్కో," అన్నాడు నవీన్.

రవళి వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

"ఏందే, చెవులు వినవడ్తలేవా?" అంది బీరమ్మ.

"వినవడ్డది అత్తమ్మా."

"మరి లే."

రవళి లేవలేదు. బీరమ్మ మూటను కింద పెట్టింది. కొడుకు ముఖం చూసి మళ్లీ చంకకెత్తుకుంది.

ఈ గొంతులు విని డాక్టర్ శ్రీదివ్య బయటికి వచ్చింది. నవీన్ తన అంకె సంగతి ఆమెకూ చెప్పాడు. గొంతు పెంచలేదు. ఎంత కలిపారు, ఎప్పటి నుంచి ఆపారు, ఎందుకు చెప్పలేదు అని కంపెనీలో సూపర్‌వైజర్‌ను అడిగినట్టు ఒక్కొక్కటే అడిగాడు.

ఇరవై ఒకటి నిజమే అంది శ్రీదివ్య. మొదట్లో ఆక్సిజన్ కలిపామని, బాబు తేరుకున్న కొద్దీ తగ్గించామని, అవసరానికి మించి ఇస్తే ఈ వయసు పిల్లలకు చూపు పోయే ప్రమాదం ఉందని చెప్పింది. అసలు గొట్టం పెట్టింది ఒక్క ఆక్సిజన్ కోసమే కాదంది. నెలలు నిండని బిడ్డ ఊపిరి వదిలినప్పుడల్లా లోపలి గాలి తిత్తులు మూసుకుపోతాయి. వాటిని తెరవడానికి బిడ్డ ప్రతిసారీ కొత్తగా కష్టపడాలి. మూసుకుపోకుండా ఆపేది గొట్టంలోని ఒత్తిడి. గాలి మామూలు గాలే కావచ్చు, మందు ఆ ఒత్తిడి.

ఒత్తిడి అనే మాట నవీన్‌కు తెలిసిన మాట.

"ప్రెషర్ ఎంత?"

"అయిదు."

"అయిదు కిలోలా?"

"అయిదు సెంటీమీటర్ల నీళ్లు. ఆ సీసాలో గొట్టం ఎంత లోతు మునిగితే అంత."

నవీన్ నవ్వాడు. "అయిదు సెంటీమీటర్లంటే నా చాయ్ గిలాసల ఉంటయ్ మేడమ్. మా కాడ కిలోలల్ల నడుస్తది."

"మీ రియాక్టర్ బరువెంత?"

"టన్నులల్ల ఉంటది."

"బాబు కిలో మూడు వందలు," అంది శ్రీదివ్య.

నవీన్ అద్దంలోంచి కిటికీ పక్కనున్న సీసాను చూశాడు. బుడగలు వస్తూనే ఉన్నాయి.

"సరే మేడమ్. గంత పనికొచ్చేదే అనుకుందం. మరి ఎందుకు తీసిన్రు? నిన్న అడిగితే ఎల్లుండన్నరు. ఇయ్యాలనే తీసిన్రు."

శ్రీదివ్య రవళి వైపు చూసింది. రవళి నేల వైపు చూసింది.

"నేను చెప్త ఎందుకో," అంది బీరమ్మ. వరండా చివరి బెంచీ వైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఆడ పెద్దోళ్ల బిడ్డ వచ్చింది. ఈడ మనోని గొట్టం ఊడింది."

ఆ బెంచీ మీద కూర్చున్నది కనకమహాలక్ష్మి. కిటికీ పక్క వార్మర్‌లో ఉన్న పాపకు నాయనమ్మ. పెనిమిటి ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి, ఆయన రిటైరయ్యాక కిష్టారెడ్డిపేట అపార్టుమెంటులో స్థిరపడింది. నిన్న కోడలికి ఉన్నట్టుండి నొప్పులొచ్చాయి. దగ్గర్లోని నర్సింగ్ హోములో కాన్పయింది. ఇంత చిన్న బిడ్డకు మా దగ్గర మిషన్ లేదని వాళ్లు ఇక్కడికి పంపారు. కొడుకు భార్య దగ్గర ఉన్నాడు. ఈమె పాప దగ్గర ఉంది.

ఆమె లేవలేదు. కూర్చున్న చోటి నుంచే అంది.

"మేమేం పెద్దోళ్లమమ్మా. పెద్దోళ్లమైతే మీ పక్క బెంచీ మీద ఎందుకు కూర్చుంటాం? ఎవరి మిషన్ తీసి ఎవరికి పెట్టారో నాకు తెలీదు. తెలిసుంటే వద్దనేదాన్నా అంటే, అననండి. మీరైతే అంటారా?"

బీరమ్మ దగ్గర జవాబు ఉంది. పైకి అనదగ్గ జవాబు కాదు. మూట అటు చంక నుంచి ఇటు చంకకు మార్చుకుంది.

"నేనే ఒప్పుకున్న," అంది రవళి.

నవీన్ తల తిప్పాడు.

"పొద్దుగాల మేడమ్ అడిగింది. నేనే తియ్యమన్న."

జరిగింది అదే. పొద్దున రౌండ్లలో శ్రీదివ్య ఆమె దగ్గర ఆగింది. గొట్టం రేపు తీద్దామనుకున్నామని, బాబు ఊపిరి కుదుటపడింది కనుక ఇవాళ తీసినా తప్పు కాదని అంది. ఇవాళే ఎందుకని రవళి అడిగింది. ఆ పాప కోసమా అని కూడా అడిగింది. శ్రీదివ్య దాచలేదు. అదీ ఒక కారణమేనంది. రాత్రి చేతి సంచితో పాపకు గాలి ఊదుతూ నెట్టుకొచ్చామని, ఉన్న మిషన్లన్నీ పిల్లల మీద ఉన్నాయని, పాపను హైదరాబాద్ పంపిద్దామంటే దారిలో తట్టుకోదని చెప్పింది. బాబు అలసిపోతే మళ్లీ గొట్టం పెట్టి తీరతామంది. అప్పుడు ఇద్దరిలో ఒకరిని హైదరాబాద్ పంపాల్సి రావచ్చు, అదీ ముందే చెబుతున్నానంది. రవళి కిటికీ వైపు చూసింది. ఊపిరి తీసినప్పుడల్లా పాప డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి. తన కొడుకు మొదటి రోజు అచ్చం అలాగే ఉన్నాడు. సరే మేడమ్ అంది.

"నన్ను అడగాలె గద," అన్నాడు నవీన్.

"అడిగితే ఏమంటుంటివి?"

"వద్దంటుంటి."

"అందుకే అడగలే."

బీరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె మధ్యలో పడి ఏదో అనే లోపే నవీన్ మెట్లు దిగిపోయాడు. కాసేపటికి వరండా కిటికీలోంచి ఆంబులెన్స్ గేటు దాటి రోడ్డెక్కడం కనిపించింది. అతనే పంపేశాడో, వేరే ఫోన్ వచ్చి అదే పోయిందో, రవళి అడగలేదు. అతను పైకి వచ్చి ఆమె కూర్చున్న బెంచీ మీదే, రెండో చివర కూర్చున్నాడు. కంపెనీ వాసన ఇద్దరి మధ్య కూర్చుంది.

సిస్టర్ దుర్గాదేవి తలుపు తీసి రవళిని పిలిచింది. నవీన్‌ను ముక్కు చిట్లించి చూసి, లోపలికి రావాలంటే స్నానం చేసి చొక్కా మార్చుకొని రమ్మంది.

వార్డులో ఒక మూల వెనక్కి వాలే కుర్చీ ఉంది. రవళి అందులో పడుకుంది. సిస్టర్ బాబును ఆమె రొమ్ముల మధ్య బోర్లా పెట్టి, తల పక్కకు తిప్పి, గుడ్డతో ఇద్దరినీ కలిపి కట్టింది. గొట్టం, టోపీ లేకుండా కొడుకు తన మీదికి రావడం ఇదే మొదటిసారి. ముక్కు, పెదవులు, గడ్డం అన్నీ కనిపించాయి. ముక్కు భర్తది. ఆ సంగతి ఆమెకు ఇవాళే తెలిసింది.

పాదానికి కట్టిన తీగ పక్కన తెర మీద బాబు రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకె చూపిస్తోంది. రవళి దాన్నే చూస్తుంటే సిస్టర్ ఆమె తలను చేత్తో ఇటు తిప్పింది.

"దాన్ని సూడకమ్మా. అది ఆలస్యంగ చెప్తది. బిడ్డ వీపు మీద చెయ్యి పెట్టు, పక్కటెముకలు సూడు. వాడే ముందుగాల చెప్తడు."

వాడు చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. రవళి చేతి కింద కదలిక ఆగింది. సిస్టర్ అక్కడే ఉంది. పెదవులతో లెక్కపెట్టింది. తెర మీద అంకె జారింది, గంట మోగింది. సిస్టర్ వంగి అరికాలు వేలితో రుద్దింది. బాబు ఉలిక్కిపడి ఊపిరి తీశాడు. మెదడు ఇంకా పచ్చిది, ఊపిరి తీయడం మధ్యలో మరిచిపోతారు, గుర్తు చేస్తే తీస్తారు అని సిస్టర్ చెప్పింది. ఒకసారికి ఫరవాలేదు. సాయంత్రం లోపల ఇంకోసారి ఇలాగే లేపాల్సి వస్తే మాత్రం గొట్టం తప్పదని డాక్టర్ చెప్పి పోయిందంది.

రవళికి అర్థమైంది. గొట్టం తిరిగి వస్తే అది కిటికీ దగ్గరి నుంచే రావాలి. లేకపోతే వీడు హైదరాబాద్ రోడ్డెక్కాలి.

మధ్యాహ్నం దాటింది. వరండాలో నాయనమ్మలిద్దరూ ఒక బెంచీ మీదికి చేరారని సిస్టర్ కబురు తెచ్చింది. ఆంధ్రా ఆమె టిఫిన్ డబ్బా విప్పి పెరుగన్నం సగం పెట్టిందట. మీ అత్త మాట్లాడకుండా తిని, ఉప్పు తక్కువైందన్నదట. రవళి నవ్వబోయి, రొమ్ము కదులుతుందని ఆపుకుంది.

తర్వాత సిస్టర్ పాప దగ్గరికి వెళ్లి అటు తిరిగి ఏదో పనిలో పడింది.

అప్పుడు కదలిక మళ్లీ ఆగింది.

రవళి వీపు మీది చేతిని అలాగే ఉంచింది. కిందికి పోయిన పక్కటెముకలు పైకి రాలేదు. తెర మీద తొంభై నాలుగు అలాగే ఉంది. ఆమె రెండో చెయ్యి గుడ్డ కిందికి పోయి అరికాలు వెతికి పట్టుకొని రుద్దింది. చెయ్యమని ఆమె చెప్పలేదు, చెయ్యే చేసింది. బాబు మూలిగాడు, ఊపిరి తీశాడు. అంకె అప్పుడు దిగింది. తొంభై ఒకటి దాకా వచ్చి, ఆగి, పైకి పోయింది. గంట మోగలేదు. సిస్టర్ తిరిగి చూడలేదు.

రవళి తలెత్తింది. తలుపు దగ్గర నవీన్ నిలబడి ఉన్నాడు. స్నానం చేసి వచ్చాడు. తలలో ఇంకా నీళ్లున్నాయి. ఎప్పుడు వచ్చాడో తెలియదు.

అతను నడిచి వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

"ఆగిండు."

"మళ్ల తీసిండు గద."

"నువ్వు లేపినవ్."

రవళి గుడ్డ అంచు సర్దింది. సర్దాల్సిన అవసరం లేదు.

"సిస్టర్‌కు చెప్పు," అన్నాడు.

"చెప్తే ఏమైతదో ఎరికేనా నీకు? ఆ పోరికి తీస్తరు. లేకుంటే వీన్ని బండెక్కిస్తరు."

"ఎరికే."

"పొద్దుగాల నేను తప్పు జేసిన్నని నా నోటెంట రావాలె. గంతేనా?"

నవీన్ కొడుకు వీపు మీది నుంచి చూపు తిప్పకుండా నిలబడ్డాడు.

"నీ మీద పంతం గాదు రవళీ. లోపల మనిషి ఆగితే ఆగిండని చెప్పాలె. దాచినోడు మల్ల మ్యాన్‌హోల్ కాడ నిలవడొద్దు. చెప్తవా, నేను చెప్పాల్నా?"

రవళి కిటికీ వైపు చూసింది. పాప డొక్కలు పొద్దుటంత లోపలికి పోవడం లేదు. సిస్టర్ వీపు ఇటే ఉంది.

"సిస్టర్," అని పిలిచింది. "ఇందాక ఆగిండు. నేను రుద్దిన."

శ్రీదివ్య వచ్చింది. బాబు వీపు మీద స్టెతస్కోపు పెట్టి రెండు వైపులా విన్నది. ఎంతసేపు ఆగాడని అడిగింది. రవళికి తెలియదు.

"పది లెక్కవెట్టిన," అన్నాడు నవీన్. "పదకొండు అనేసరికి ఈమె రుద్దింది."

"సరిగ్గా లెక్కపెట్టారా?"

"మేడమ్, నా నౌకరే గది."

శ్రీదివ్య స్టూలు లాక్కొని కూర్చుంది. ఈ పిల్లలు అయిదు, పది, పదిహేను సెకన్ల దాకా ఆగి మళ్లీ వాళ్లంతట వాళ్లే తీసుకుంటారని, అది లెక్కలోకి రాదని చెప్పింది. ఇరవై దాటినా, ఈలోపు గుండె వేగం తగ్గినా, అంకె పడిపోయినా లెక్కలోకి వస్తుంది. పొద్దున సిస్టర్ చూసింది అలాంటిదే. ఇది అదో ఇదో చెప్పడానికి లేదు.

"పదకొండుకే లేపేశారు. లేపకపోతే తనే తీసుకునేవాడేమో. తీసుకోకపోయేవాడేమో."

"మరి ఇప్పుడు?" అంది రవళి.

"ఇంకోసారి ఆగేదాకా చూద్దాం. నేను ఇక్కడి నుంచి కదలను. ఆగినప్పుడు మీరు ముట్టుకోవద్దు. అంకె పడితే నేనే లేపుతాను, ఇరవై దాకా కూడా ఆగను. పడకపోతే మాత్రం వాడేం చేస్తాడో చూడాలి."

"మా కాడ గిట్ల ఎన్నడు చూడం," అన్నాడు నవీన్. "ముందు గుంజుతం. తర్వాతనే ఏదన్న."

"తెలుసు. లెక్క మీరే పెట్టండి."

నవీన్ భార్య ముఖం చూశాడు. ఆమె గుడ్డ కిందున్న చేతిని తీసి కుర్చీ చేతి మీద పెట్టుకుంది. సిస్టర్ కిటికీ దగ్గరి నుంచి ఇటు తిరిగింది. మిషన్ మాత్రం పాప దగ్గరే ఉంది, బుడగల చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. అద్దానికి అవతల బీరమ్మ, కనకమహాలక్ష్మి పక్కపక్కన నిలబడి చూస్తున్నారు. ఏం జరుగుతోందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

చాలాసేపు ఏమీ కాలేదు. బాబు ఊపిరి తీశాడు, వదిలాడు. ఆవలించాడు. నిద్రలో మూతి చప్పరించాడు.

పక్కటెముకలు కిందికి పోయాయి. పైకి రాలేదు.

"ఒకటి," అన్నాడు నవీన్.

రవళి కొడుకు ముఖం చూడకుండా భర్త పెదవులు చూసింది. శ్రీదివ్య తెరను చూస్తోంది. తొంభై మూడు. లెక్క ఆరు దగ్గర అంకె మారలేదు. తొమ్మిది దగ్గర తొంభై రెండయింది. రవళి చెయ్యి కుర్చీ చేతి మీది నుంచి లేచింది. నవీన్ లెక్క ఆపకుండానే ఆ చేతిని పట్టుకొని, తిరిగి కుర్చీ మీదికి తెచ్చి, వదలకుండా పట్టుకున్నాడు.

"పది."

"పదకొండు."

"పన్నెండు," అన్నాడు నవీన్‌కుమార్. గొంతు మారలేదు. ఆమెను పట్టుకున్న చెయ్యి మాత్రం చల్లబడింది.